కీబోర్డు సెల్లు అయిపోతే కంప్యూటర్ ఎందుకు పడుకోవాలి?



పోస్టు కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి. చివర్లో అందరం కలిసి చెయ్యాల్సిన పని ఒకటి చెప్తాం.

మలికిపురంలో మేము సాయంత్రాలు కూర్చుని చదువుకునే గది గురించి గ్రూపులో చాలామందికి తెలుసు. యానాది, ఎరుకల ఇళ్ళ పిల్లలం కొందరం, చింతూరు, రంపచోడవరం వైపు నుంచి ఇక్కడికి చదువుకి వచ్చిన కోయ, కొండరెడ్డి తమ్ముళ్ళు కొందరు. అందరికీ కలిపి ఒక్కటే కంప్యూటర్. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మన సీనియర్ అన్నయ్య ఒకాయన పాతది కొని పంపించాడు. డెస్క్‌టాప్ అది. మానిటరు, సీపీయూ, దాంతోపాటు తీగ లేని కీబోర్డు ఒకటి. విండోస్ కొనే స్తోమత లేదు కాబట్టి ఉచితంగా దొరికే లినక్స్ వేసుకున్నాం.

ఆమధ్య ఒక సాయంత్రం ఇంటర్ రెండో సంవత్సరం చెల్లి ఒకమ్మాయి ఈఏపీసెట్ మాక్ టెస్టు రాస్తోంది. సగంలో ఉండగా స్క్రీను మీద ఒక మెసేజ్ వచ్చింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ 4 శాతమే ఉంది, వెంటనే ఛార్జర్ పెట్టండి అని. ఆ అమ్మాయి మా వైపు తిరిగి, "ఏటండీ అన్నయ్యా, దీనికి ఛార్జర్ ఎక్కడుంటాదండీ?" అంది. మేమూ బల్ల కింద దూరి వెతికాం. డెస్క్‌టాప్‌కి ఛార్జర్ ఏంటని ఒక్కడికీ తట్టలేదు! వెతుకుతుండగానే స్క్రీను నల్లబడిపోయింది. ఫ్యాను తిరుగుతోంది, కరెంటు ఉంది, కంప్యూటర్ మాత్రం పడుకుంది. మళ్ళీ లేపేసరికి టైం అయిపోయి టెస్టు దానంతటదే సబ్మిట్ అయిపోయింది.

ఆ అమ్మాయి ఏడ్చేసింది. "నేనేదో నొక్కేశానండీ, పాడైపోయింది" అని. ఆ తర్వాత రెండ్రోజులు గదికి రాలేదు.

రిపేరు తెలిసినాయన ఒకాయన్ని అడిగితే ఫోన్లోనే చెప్పేశాడు, లోపల పవర్ సప్లై పోయింది, మార్చాలి, ఎనిమిదొందలు అవుద్ది అని. మేము డబ్బులు పోగెయ్యడం కూడా మొదలెట్టాం. మూడో రోజు చింతూరు తమ్ముడు ఒకడు కీబోర్డు మూల చిన్న ఎర్ర లైటు మినుకుమినుకుమంటోందని చూశాడు. గోడ గడియారంలో ఉన్న రెండు సెల్లు తీసి కీబోర్డులో వేశాడు. మెసేజ్ మాయమైంది. కంప్యూటర్ రాత్రి దాకా నడిచింది.

అంటే జరిగిందేంటి? కీబోర్డులో ఉన్న రెండు పెన్సిల్ సెల్లని చూసి, సాఫ్ట్‌వేర్ అదే ల్యాప్‌టాప్ బ్యాటరీ అనుకుంది. అవి ఖాళీ అవుతున్నాయి కాబట్టి కంప్యూటర్ మొత్తం ఆగిపోబోతోందని భయపడి, మంచి చేస్తున్నాననుకుని దాన్ని పడుకోబెట్టేసింది. గోడలోంచి కరెంటు తీసుకుంటున్న డెస్క్‌టాప్‌ని!

నవ్వొస్తుంది. మాకూ వచ్చింది. నవ్వడం అయ్యాక కూర్చుని ఇది ఎందుకు జరిగిందో చదివాం. చదివింది మన గ్రూపుకి పనికొస్తుందనిపించి రాస్తున్నాం.

ముందు యంత్రం సంగతి. బ్లూటూత్ కీబోర్డులు, మౌస్‌లు చాలావరకు తమలో ఉన్న సెల్ ఎంత మిగిలిందో కంప్యూటర్‌కి సున్నా నుంచి వంద వరకు ఒక అంకెగా చెప్తాయి. బ్లూటూత్ ప్రమాణాల్లోనే దానికి బ్యాటరీ సర్వీస్ అని ఒక ఏర్పాటు ఉంది. లినక్స్‌లో ఇలాంటి బ్యాటరీ సమాచారం చాలావరకు పవర్ సప్లై అనే ఒకే ఫోల్డరులోకి చేరుతుంది. ల్యాప్‌టాప్ లోపలి పెద్ద బ్యాటరీ అక్కడే, కీబోర్డు సెల్లు అక్కడే, మౌస్ సెల్లు అక్కడే. దేనికి దానికి రకం అని ఒక గడి ఉంటుంది. ఆ గడిలో మూడింటికీ బ్యాటరీ అనే రాసి ఉంటుంది. అది అబద్ధం కాదు, మూడూ బ్యాటరీలే కదా.

అందుకే లినక్స్ తయారుచేసేవాళ్ళు ఇంకో గడి పెట్టారు. దాని పేరు స్కోప్, అంటే పరిధి. 2012లో వచ్చిన లినక్స్ 3.3 నాటికి ఇది ఉంది. ఆ గడిలో సిస్టమ్ అని ఉంటే ఆ బ్యాటరీ కంప్యూటర్ మొత్తాన్ని నడుపుతోందని అర్థం. డివైస్ అని ఉంటే అది తనున్న పరికరాన్ని మాత్రమే నడుపుతోంది, కంప్యూటర్‌కి దానితో సంబంధం లేదని అర్థం. ఈ గడి చూస్తే గొడవే లేదు. కానీ కొన్ని పరికరాల డ్రైవర్లు ఆ గడి నింపడం మర్చిపోతాయి. కొన్ని డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్లు ఆ గడి నిండి ఉన్నా చూడవు. రెండింట్లో ఏది జరిగినా కీబోర్డు సెల్లు ల్యాప్‌టాప్ బ్యాటరీ అయిపోతుంది.

లినక్స్‌లో బ్యాటరీ వివరాలన్నీ సేకరించి మిగతా సాఫ్ట్‌వేర్లకి అందించేది యూపవర్ అనే సేవ. దాని వివరణ పత్రంలోనే ఈ హెచ్చరిక ఉంది. రకం దగ్గర బ్యాటరీ అని కనబడగానే ల్యాప్‌టాప్ బ్యాటరీ అనుకోవద్దు, పవర్ సప్లై అనే గుణం నిజం అని ఉందో లేదో చూసుకోవాలి, లేకపోతే అది ఏదో గుర్తు తెలియని పరికరం బ్యాటరీ అయ్యుండొచ్చు అని దాని సారాంశం. అంటే ఇలా పొరబడతారని వాళ్ళకి ముందే తెలుసు. హెచ్చరిక రాసి పెట్టారు. అయినా చదవని సాఫ్ట్‌వేర్ చదవట్లేదు. మేము వాడిన సాఫ్ట్‌వేర్ పేరు ఇక్కడ చెప్పం. ఇలాంటి పొరపాటు ఏ ఒక్కరిదో కాదు, ఎవరైనా చెయ్యగలిగిందే.

ఒక లెక్క చూడండి. మామూలు ల్యాప్‌టాప్ బ్యాటరీలో 40, 50 వాట్-అవర్ల శక్తి ఉంటుంది. పెన్సిల్ సెల్లు ఒక్కోదాంట్లో మూడు, నాలుగుకి మించదు. అంత చిన్న సెల్లు ఒక కంప్యూటర్‌ని నడపలేదని మన ఇంట్లో అమ్మమ్మకైనా తెలుస్తుంది. సాఫ్ట్‌వేర్‌కి తెలియలేదు, ఎందుకంటే అది చూసింది పేరు, శాతం మాత్రమే.

ఇంకో సంగతి కూడా మాకు అప్పుడే తెలిసింది. కీబోర్డు చెప్పే ఆ శాతం కూడా చాలాసార్లు వోల్టేజీ చూసి వేసే అంచనాయే. కొత్త ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులు ఉంటుంది. రీఛార్జబుల్ సెల్లు నిండా ఛార్జ్ ఉన్నా మామూలుగా 1.2 దగ్గరే ఉంటుంది. ఆల్కలైన్ కోసం లెక్క రాసుకున్న కీబోర్డులో రీఛార్జబుల్ వేస్తే, నిండుగా ఉన్నా సగమే ఉందని చూపించొచ్చు. అంచనా తప్పు, దాని మీద గుర్తింపు తప్పు, ఆ రెండింటి మీద నిర్ణయం. ఆ నిర్ణయం వచ్చి పడింది పరీక్ష రాస్తున్న అమ్మాయి మీద.

ఇక్కడ ఇంకొకటి గమనించాం. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ పెట్టి, దాన్ని యూఎస్‌బీ తీగతో కంప్యూటర్‌కి కలిపితే విండోస్‌లో కూడా కింద బ్యాటరీ బొమ్మ వస్తుంది. అది మాత్రం తప్పు కాదు. ఎందుకంటే కరెంటు పోతే ఆ యూపీఎస్ నిజంగానే కంప్యూటర్‌ని మోస్తుంది. అది అయిపోతే కంప్యూటర్ ఆగిపోతుంది. అక్కడ హెచ్చరించడం, సేవ్ చేసి పడుకోబెట్టడం సరైన పనే. కాబట్టి ఇది ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా అని అడిగితే సరైన జవాబు రాదు. ఈ బ్యాటరీ ఎవర్ని పోషిస్తోంది అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న అడిగితే కీబోర్డు సెల్లు, యూపీఎస్, ల్యాప్‌టాప్ బ్యాటరీ మూడూ వేరువేరుగా కనబడతాయి.

ఇప్పుడు అసలు మాట.

మాకు బాధనిపించింది ఎనిమిదొందలు పోబోయినందుకు కాదు. తప్పు యంత్రానిదైతే ఆ చెల్లి, మేము, రిపేరు ఆయన, ఒక్కళ్ళం కూడా యంత్రాన్ని అనుమానించలేదు. చెల్లి తననే అనుమానించుకుంది. మేము పాత కంప్యూటర్‌ని అనుమానించాం, దానంగా వచ్చిన వస్తువు కదా, ఇంతే అనుకున్నాం. స్క్రీను మీద అక్షరాల్లో రాసి వచ్చింది కాబట్టి అది నిజమే అయ్యుంటుందని అందరం ఒప్పేసుకున్నాం. కళ్ళెదురుగా కరెంటు తీగ గోడకి ఉంది! డెస్క్‌టాప్‌కి బ్యాటరీయే లేదు!

మన ఇళ్ళల్లో చాలామందికి చదువుకున్న మొదటి తరం మనమే. రాసిన కాగితం ముందు, మెరిసే తెర ముందు మనకి ఒక భయం ఉంటుంది. అది తప్పు చెప్పదు, తప్పు మనదే అయ్యుంటుంది అనే భయం. ఇది మనలో ఊరికే పుట్టలేదు. మన తాతలు రాసిన కాగితం వల్ల పడ్డ బాధలు తక్కువా? 1871లో బ్రిటిష్ వాళ్ళు నేరస్థ తెగల చట్టం తెచ్చారు, 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల లాంటి జాతుల్ని పుట్టుకతోనే నేరస్థులని జాబితాలో రాసేశారు. మనిషిని చూడలేదు, వాడు ఏం చేశాడో చూడలేదు. పేరు చూసి పోలీసుల దగ్గర హాజరు వేయించుకున్నారు. ఆ చట్టం దేశమంతటా 1952 ఆగస్టు 31తో పోయింది. పేరు మీద పడ్డ మచ్చ మాత్రం అంత తొందరగా పోలేదు.

సెల్లుని, మనుషుల్ని ఒకే గాటన కట్టట్లేదు. ఆ బాధకి ఇది సాటి రాదు. కానీ పేరు చూసి నిర్ణయించెయ్యడం, ఎదురుగా ఉన్నదాన్ని చూడకపోవడం అనే అలవాటు ఒకటే. అది చట్టంలో ఉంటే ఒక జాతిని తొక్కింది. సాఫ్ట్‌వేర్‌లో ఉంటే ఒక మాక్ టెస్టు పోయింది. రేపు ఏ దరఖాస్తులో ఉంటే ఏం పోతుందో ఆలోచించండి.

ఊరికే అనట్లేదు. ఒక ఆన్‌లైన్ దరఖాస్తు నింపుతున్నప్పుడు మాలో ఒకడికి ఇలాంటిదే ఎదురైంది. కులం దగ్గర ఎస్టీ అని ఎంచుకోగానే కింద ఐటీడీఏ పేరు ఎంచుకోమని గడి వచ్చింది. అది నింపకపోతే ముందుకి వెళ్ళదు. మన కోనసీమలో షెడ్యూల్డ్ ప్రాంతమే లేదు. వాడు పుట్టింది, పెరిగింది గోదావరి లంకల్లో. రంపచోడవరం అని పెడితే అబద్ధం, ఖాళీగా వదిలేస్తే దరఖాస్తు వెళ్ళదు. ఆ గడి తయారుచేసిన వాళ్ళ బుర్రలో ఎస్టీ అంటే కొండ మీద ఉండేవాడే. మైదానంలో కూడా మనం ఉన్నామని వాళ్ళకి తట్టలేదు.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. ఒకప్పుడు ఎస్టీ గుర్తింపుకి రాష్ట్రం లోపల కూడా ప్రాంతాల షరతులు ఉండేవి. 1976 సవరణ చట్టం వాటిని చాలావరకు తీసేసింది. మన రాష్ట్రం జాబితాలో ఇప్పటికీ కొన్ని జాతుల పేర్ల పక్కన ఏజెన్సీ ప్రాంతంలో అనే షరతు ఉంది. యానాది, ఎరుకల పేర్ల పక్కన అలాంటి షరతేమీ లేదు. అంటే హెచ్చరిక రాసే ఉంది, చదవాల్సిన వాళ్ళు చదవలేదు. యూపవర్ కథే ఇక్కడా.

ఏజెన్సీ నుంచి వచ్చిన మన తమ్ముళ్ళ కష్టం వేరు. వాళ్ళకి ఐటీడీఏ ఉంది, భూమి చట్టాలున్నాయి, వాటితోపాటు సిగ్నల్ లేని ఊళ్ళున్నాయి, దూరాలున్నాయి. మైదానంలో మనకి సిగ్నల్ ఉంది, భూమి లేదు, చెప్పుకోడానికి మన ఆఫీసు దగ్గర్లో లేదు. రెండింటికీ ఎస్టీ అనే ఒక్క మాటే రాస్తే ఎవరికి ఏం కావాలో తెలియదు. పేరుతోపాటు పరిధి గడి కూడా నింపాలి, నింపాక చూడాలి. మేము అడుగుతున్నది ఇదే.

గ్రూపులో కొందరు అన్నలు ఏమంటారో తెలుసు. "హాస్టల్ బిల్లులు రావట్లేదు, స్కాలర్‌షిప్ పడట్లేదు, మీకు కీబోర్డు సెల్లు గొడవొకటా?" అని. ఆ మాటలో న్యాయం ఉంది. ఆ పోరాటాలు ముందుండాల్సినవే. మా సమాధానం ఒక్కటే. ఆ బిల్లులూ, ఆ స్కాలర్‌షిప్పులూ ఇప్పుడు నడుస్తున్నది సాఫ్ట్‌వేర్ మీదే. ఈఏపీసెట్, డీఎస్సీ రాస్తున్నది కంప్యూటర్ మీదే. ఆధార్ కలవలేదు, పేరు సరిపోలేదు, బ్యాంకు ఖాతా లింకు కాలేదు అని తెర మీద వచ్చినప్పుడు, నా తప్పే అనుకుని వెనక్కి వెళ్ళిపోయే పిల్లలు మనలో ఎంతమంది? కీబోర్డు సెల్లు దగ్గర యంత్రాన్ని ప్రశ్నించడం నేర్చుకుంటే అక్కడ కూడా ప్రశ్నిస్తాం. చిన్నదాని మీద నేర్చుకోవడం తేలిక, పోయేదేమీ ఉండదు.

ఇంకొందరు, "తీగ ఉన్న కీబోర్డు కొనుక్కుంటే పోయేది కదా" అంటారు. నిజమే, కొనేశాం. పదిమంది వాడే గదికి తీగ కీబోర్డే మంచిది. చవక, సెల్లు ఖర్చు లేదు, ఎవరూ జేబులో వేసుకుపోరు. ఎవరైనా గదికి కొత్తగా కొంటుంటే అదే కొనండి. కానీ మేము కీబోర్డు మార్చుకున్నంత మాత్రాన ఆ తప్పు పోలేదు. ఇంకో ఊళ్ళో ఇంకో చెల్లికి అదే మెసేజ్ వస్తుంది. మా అవసరం తీరింది కదా అని ఊరుకుంటే, మనకంటే ముందు ఇదే తప్పు చూసి ఊరుకున్న వాళ్ళకీ మనకీ తేడా ఏంటి?

అందుకే మేము చేసిన పని చెప్తాం. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళకి తప్పుని వివరంగా రాసి పంపాం. ఇంగ్లీషు రాదని మొదట జంకాం. ముందు తెలుగులో రాసుకున్నాం, తర్వాత డిగ్రీ అక్క ఒకామె సాయంతో ఇంగ్లీషులోకి మార్చాం. అలా రాసేటప్పుడు తిట్లు, బతిమాలడాలు అక్కర్లేదు. కావాల్సినవి ఇవి. ఏ సాఫ్ట్‌వేర్, ఎన్నో వెర్షన్. ఏ పరికరం. మనం ఏం చేశాం. ఏం జరగాలి. దానికి బదులు ఏం జరిగింది. మళ్ళీ చేస్తే మళ్ళీ జరుగుతోందా. లినక్స్ వాడేవాళ్ళు టెర్మినల్ తెరిచి యూపవర్ మైనస్ డి అని ఇంగ్లీషులో కొడితే కంప్యూటర్‌కి కనబడుతున్న బ్యాటరీలన్నీ వరసగా వస్తాయి. ఒక్కోదాని కింద పవర్ సప్లై అవునా కాదా అని ఉంటుంది. డెస్క్‌టాప్‌లో, యూపీఎస్ తగిలించకుండా, కీబోర్డు పక్కన అవును అని ఉంటే తప్పు కింది పొరలో ఉన్నట్టు. కాదు అని సరిగ్గానే ఉండి కూడా పైన ల్యాప్‌టాప్ బ్యాటరీ అని మెసేజ్ వస్తుంటే, తప్పు మన డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్‌ది. ఆ ఫలితాన్ని కూడా జతచేస్తే చూసేవాళ్ళకి సగం పని అయిపోయినట్టే.

సవరణ వస్తుందో రాదో, ఎప్పుడొస్తుందో మా చేతిలో లేదు. ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక సుఖం ఏంటంటే, లోపల ఏం రాసి ఉందో ఎవరైనా తెరిచి చూడొచ్చు, తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించొచ్చు. దరఖాస్తు ఫారం లోపల ఏముందో మనకి చూపించరు. అక్కడ చెయ్యగలిగింది కాగితం మీద రాసి ఇచ్చి రసీదు తీసుకోవడమే. మా తమ్ముడి విషయంలో అది కూడా చేశాం.

ఇప్పుడు మొదట్లో చెప్పిన పని. మన గ్రూపు తరఫున ఒక నోటు పుస్తకం పెడదాం. చేత్తో రాసేదైనా సరే, ఫోన్లో షీటైనా సరే. తెర మీద తప్పుగా వచ్చిన ప్రతి మాటనీ అందులో రాద్దాం. తేదీ, ఏం చేస్తుంటే వచ్చింది, ఏమని వచ్చింది, ఫోటో ఒకటి. మన వివరాలు, ఆధార్ అంకెలు మాత్రం ఫోటోలో కనబడకుండా చూసుకోండి. నెలకోసారి కూర్చుని ఏది ఎవరికి పంపాలో చూద్దాం. ఒక్కడికి వస్తే వాడి ఖర్మ అంటారు. ఇరవైమందికి అదే వచ్చిందని కాగితం మీద ఉంటే ఖర్మ అనలేరు.

మాక్ టెస్టు చెల్లి మళ్ళీ వస్తోంది. మొదటి రోజు కంప్యూటర్ దగ్గర కూర్చోనంది. ఆ పాత సెల్లు రెండూ చేతిలో పెట్టి, జరిగిందంతా చెప్పాం. కాసేపు వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే నేను నొక్కింది కాదన్నమాటండీ" అంది. కాదమ్మా అన్నాం. మళ్ళీ టెస్టు మొదలెట్టింది. నోటు పుస్తకంలో మొదటి పేజీ తనే రాసింది.

రెండో పేజీ మీలో ఎవరు రాస్తారో కింద చెప్పండి.

జై ఆదివాసీ.

మలికిపురం గది మిత్రులం